సొరుగులోని పాత ఫోన్‌ను చదువు ఫోన్‌గా మార్చడం: బెంగళూరు తెలుగిళ్ల కోసం

కొత్త ఫోన్ కొన్నాక పాతది బీరువా సొరుగులోకి పోతుంది. అమ్మితే వెయ్యి రూపాయలు కూడా రావు, పారేయడానికి మనసొప్పదు. పిల్లలున్న ఇంట్లో దానికి మంచి పనే ఉంది. బెంగళూరులోని తెలుగిళ్లలో మరీను. పిల్లల చదువు ఇంగ్లిషు మీడియం. కర్ణాటకలో 2015లో వచ్చిన చట్టం వల్ల బడిలో మొదటి భాషగానో రెండో భాషగానో కన్నడ తప్పదు. ఇంట్లో మాట తెలుగు, కానీ పిల్లలకు అది చదవడం రాదు. అమ్మానాన్నలు తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లైతే, కన్నడ డైరీ ముందు వాళ్లూ పిల్లలతో సమానమే. ఈ మూడు భాషల ముడి విప్పడానికి ట్యాబ్ కొనక్కర్లేదు, నెలనెలా కట్టే యాప్ అంతకన్నా అక్కర్లేదు.

అసలు కిటుకు ఫోన్లో ఏం వేయాలన్న దాంట్లో లేదు, ఏం తీసేయాలన్న దాంట్లో ఉంది. 1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి మన దేశంలో మొబైల్‌ను మొదలుపెట్టిన రోజున అది మాట్లాడుకునే వస్తువు, అంతే. 2003 దాకా వచ్చిన కాల్‌కీ డబ్బులు పోయేవి. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషుకు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 దగ్గరే ఆగిపోయేది. ఆండ్రాయిడ్‌కు తెలుగు, కన్నడ అక్షరాలు సరిగ్గా కుదిరింది 2012లో వచ్చిన 4.1తో. అంతకుముందు చాలా ఫోన్లలో తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వరుసగా కనిపించేవి. 2016లో జియోతో డేటా చవకైంది, 2022 అక్టోబరులో 5జీ వచ్చింది. ఈ పరుగులో చదువుకు నిజంగా అక్కరకొచ్చేవి మూడే: కెమెరా, మన అక్షరాలు, దించుకుని దాచుకునే జాగా. ఆ మూడూ ఐదారేళ్ల పాత ఫోన్లోనూ ఉన్నాయి. మిగతావన్నీ పిల్లవాడి చూపును పక్కకు లాగేవే.

ఫోన్ పనికొస్తుందా, ముందు అది చూడండి

సెట్టింగ్స్‌లో మామూలుగా అన్నిటికంటే కింద ఉండే ‘అబౌట్ ఫోన్’ తెరవండి. ఆండ్రాయిడ్ వెర్షన్ 10 గానీ అంతకు పైన గానీ ఉండాలి. 10 వచ్చింది 2019లో. 8, 9 ఉన్న ఫోన్లకు 2025 నుంచి క్రోమ్ కొత్త వెర్షన్లు రావడం లేదు. ఇవాళ తెరుచుకున్న సైటు రేపు తెరుచుకోకపోవచ్చు, భద్రత సంగతి సరేసరి. ర్యామ్ 3 జీబీ ఉంటే చాలు. స్టోరేజ్ 32 జీబీ ఉండి, రీసెట్ చేశాక కనీసం 10 జీబీ ఖాళీ మిగలాలి. 16 జీబీ ఫోన్లలో సిస్టమే సగానికి పైగా తినేస్తుంది. అలాంటిదాంతో కుస్తీ పట్టకండి.

తర్వాత బ్యాటరీ. ఫోన్‌ను కవర్ తీసి చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి, ఒక మూల వేలితో మెల్లగా తట్టండి. పీటలా ఊగుతోందా? అంచు దగ్గర తెరకూ ఫ్రేముకూ మధ్య గోరు దూరేంత సందుందా? ఉంటే బ్యాటరీ ఉబ్బింది. దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి సరిచేయాలని చూడకండి, గుచ్చకండి. లిథియం బ్యాటరీలో పొరలు చిట్లితే మంట లేస్తుంది. ఎస్పీ రోడ్డులో బ్యాటరీ మార్చే షాపులకు కొదవ లేదు. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. కొత్తది వేయించాక అక్కడే కాసేపు ఛార్జింగ్ పెట్టించి చూడండి. చెయ్యి కాలేంత వేడెక్కినా, వెనక మూత పూర్తిగా మూసుకోకపోయినా అక్కడే చెప్పాలి, ఇంటికొచ్చాక చెప్పి లాభం లేదు. పాత బ్యాటరీని చెత్తబుట్టలో పడేయకుండా షాపులోనే ఇచ్చేయండి.

ఉబ్బకపోయినా నీరసపడి ఉండొచ్చు. 100 దాకా ఛార్జ్ చేసి, వెలుతురు సగానికి పెట్టి, అరగంట వీడియో ఆడించండి. 15 శాతం కంటే ఎక్కువ దిగితే పిల్లలు దాన్ని ఛార్జర్‌కు తగిలించే చదువుతారు. ఆ తీగ, ఆ వేడి, మంచం పక్కన ప్లగ్గు, ఇవేవీ మంచివి కావు. బ్యాటరీ మార్చేయండి. ఛార్జింగ్ లూజుగా ఉంటే మాత్రం వెంటనే పోర్టు మార్పించకండి. చాలాసార్లు జేబులోని నూలు పీచు లోపల గట్టిపడి ఉంటుంది. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకితే వచ్చేస్తుంది. గుండుసూది పెట్టొద్దు.

ఇంట్లో పాతది లేక సెకండ్ హ్యాండ్‌ది కొంటుంటే, డబ్బులివ్వకముందే *#06# నొక్కండి, ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. ఇంగ్లిషు పెద్దక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. దొంగ ఫోన్‌గా బ్లాక్ అయి ఉంటే తెలిసిపోతుంది.

ఖాళీ చేయడం: ఇక్కడ వరుస తప్పితే చిక్కు

చాలామంది నేరుగా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఇరుక్కుంటారు. గూగుల్ ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోన్ మళ్లీ లేచేటప్పుడు పాత ఖాతా పాస్‌వర్డ్ అడగొచ్చు. దొంగలకు పనికిరాకుండా పెట్టిన తాళం అది. మూడేళ్ల కిందటి పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? అందుకని ఈ వరుసలో వెళ్లండి.

1. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ కొత్త ఫోన్లోకి వచ్చాయో లేదో కళ్లారా చూసుకోండి. ‘వచ్చే ఉంటాయిలే’ అనుకోవద్దు.
2. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. బ్యాంకు, యూపీఐ యాప్‌లను అన్‌ఇన్‌స్టాల్ చేయండి.
3. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి గూగుల్ ఖాతాను తీసేయండి. షావోమీ, శామ్‌సంగ్ ఫోన్లలో ఆ కంపెనీ ఖాతా వేరే ఉంటుంది, దాన్నీ తీయాలి.
4. స్క్రీన్ లాక్ తీసేసి, ఛార్జ్ సగానికి పైగా ఉందని చూసి, అప్పుడు రీసెట్.

మళ్లీ లేచాక సిమ్ వేయకండి. చదువు ఫోన్‌కు సిమ్ అక్కర్లేదు. సిమ్ ఉంటే నంబరు ఉంటుంది, నంబరుంటే ఓటీపీలు, కాల్స్, వాట్సాప్ గ్రూపులు వెనకే వస్తాయి. వైఫైతో సెటప్ చేయండి. 13 ఏళ్లలోపు పిల్లలకైతే మీ ఫోన్లో గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకుని, అందులోంచే పిల్లల ఖాతా తెరిచి, ఆ ఒక్క ఖాతానే పాత ఫోన్లో పెట్టండి. ‘ఎందుకైనా మంచిది’ అని మీ ఖాతా కూడా కలిపితే కట్టడి అంతా నీరుగారిపోతుంది. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టే.

ఫ్యామిలీ లింక్‌లో మూడు పనులు చేస్తే చాలు. రోజుకెంత సేపో పెట్టండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఫోన్ మూతపడేలా పెట్టండి. ఏ యాప్ దించాలన్నా మీ అనుమతి అడిగేలా పెట్టండి. ఆ తర్వాత యూట్యూబ్‌ను బ్లాక్ చేయండి. దాంట్లో మంచి పాఠాలున్న మాట నిజమే. అవి మీ ఫోన్లోనో టీవీలోనో మీ ఎదుట చూడనివ్వండి. తర్వాతి వీడియో తానుగా మొదలయ్యే చోట పదేళ్ల పిల్లవాడిని ఒంటరిగా కూర్చోబెట్టి ‘చదువుకో’ అనడం అన్యాయం. అనుమతికి అడిగే మీ పాస్‌వర్డ్‌ను పిల్లల ఎదుట కొట్టకండి. అక్షరాలు కనిపించకపోయినా వేలి కదలికను పట్టేస్తారు వాళ్లు.

హోమ్ స్క్రీన్ మీద ఐదారు బొమ్మలే ఉండాలి. డిక్షనరీ, దీక్ష (బడి పాఠాల యాప్), అంకీడ్రాయిడ్ (చీటీలతో మాటలు గుర్తుంచుకునే యాప్), ఫైల్స్, కెమెరా, కాలిక్యులేటర్. తీసేయడానికి వీల్లేని కంపెనీ యాప్‌లను యాప్ ఇన్ఫోలోకి వెళ్లి ‘డిసేబుల్’ చేయండి. నోటిఫికేషన్లన్నీ ఆపేయండి.

ఆదివారం దించడం, వారమంతా నెట్ ఆపడం

వారానికోసారి పెద్దవాళ్లు కూర్చుని ఆ వారం పాఠాలు దించిపెట్టాలి. తర్వాత ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంటుంది. నెట్ లేకపోతే పిల్లలు తప్పుదారి పట్టరన్నది ఒకటే లాభం కాదు. బ్యాటరీ నిలుస్తుంది, కరెంటు పోయి రౌటర్ ఆగినా చదువు ఆగదు.

ఇంట్లో వైఫై లేక మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో దించుతుంటే ఒక మోసం ఉంది. పాత ఫోన్ ఒక్కోసారి దాన్ని మామూలు వైఫై అనుకుని ప్లే స్టోర్ అప్‌డేట్లన్నీ ఒక్కసారిగా లాగేస్తుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అరగంటలో హుష్‌కాకి. పాత ఫోన్లో ఆ వైఫై పేరు మీద నొక్కి, నెట్‌వర్క్ వివరాల్లో ‘మీటర్డ్’ అని పెట్టండి, అప్పుడు ఊరుకుంటుంది. వీడియో లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: గంటకు 360పీలో 300 ఎంబీ, 480పీలో 500 ఎంబీ, 720పీలో ఒక జీబీ దాటుతుంది. ఐదారు అంగుళాల తెర మీద నల్లబల్ల పాఠానికి 480పీ చాలు. గొంతు స్పష్టంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

పుస్తకాలు: అమ్మకు తెలుగులో, పిల్లకు ఇంగ్లిషులో

బెంగళూరు తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కర్ణాటక పాఠ్యపుస్తకాల సంఘం రాష్ట్ర సిలబస్ పుస్తకాలను తెలుగు మీడియంలో కూడా అచ్చేస్తుంది. సరిహద్దు జిల్లాల్లో తెలుగు బడులున్నాయి కదా, వాటి కోసం. వాళ్ల సైటులో తరగతి, మీడియం ఎంచుకుంటే పీడీఎఫ్ ఉచితంగా దిగుతుంది. అంటే ఏడో తరగతి పిల్ల ఇంగ్లిషులో చదివే సోషల్ పాఠమే తెలుగులోనూ దొరుకుతుంది. అమ్మ తెలుగు పాఠం ఫోన్లో చదువుకుంటుంది, పిల్ల తన ఇంగ్లిషు పుస్తకం ముందేసుకుంటుంది. పాఠం సంఖ్యను బట్టి జత చూసుకుని, ఇద్దరూ ఒక్కో పేరా చదువుతూ వెళ్లడమే. రెండు పీడీఎఫ్‌లనూ ఫోన్లో సగం సగం తెరిచి చూడాలనుకోకండి, కళ్లు పోతాయి. ఒకటి కాగితం, ఒకటి తెర, అదే హాయి.

దించగానే ఫైలు పేరు మార్చండి. సైటు ఇచ్చే పేరు అంకెల గొలుసు, నెల తిరిగేసరికి ఏది ఏదో తెలియదు. ‘7 సోషల్ తెలుగు భాగం 1’ అని పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

సీబీఎస్‌ఈ పిల్లలకు ఈ దారి లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఇంగ్లిషు, హిందీ, ఉర్దూలోనే వస్తాయి. వాళ్లకు ఆంధ్రప్రదేశ్ పుస్తకాలు పనికొస్తాయి. 2020 తర్వాత వచ్చినవి ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. పాఠాల వరుస కలవకపోయినా సైన్సు, లెక్కల్లో విషయం ఒకటే కదా. ఈ ఎదురుబొదురు పేజీల విలువ పదాల దగ్గర తెలుస్తుంది. అమ్మకు కిరణజన్య సంయోగక్రియ తెలుసు, పిల్లకు ఫొటోసింథసిస్ తెలుసు, పక్కింటి కన్నడ పాప దాన్నే ద్యుతిసంశ్లేషణె అంటుంది. ముగ్గురూ ఒకే ఆకు గురించి మాట్లాడుతున్నామని తెలిసేదాకా ఇంట్లో సైన్సు చెప్పుకోవడం కష్టమే.

2017లో కేంద్రం తెచ్చిన దీక్ష యాప్‌లో లాగిన్ అక్కర్లేదు. విద్యార్థి అని చెప్పి బోర్డు, మీడియం, తరగతి ఎంచుకుంటే చాలు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్‌ను మామూలు కెమెరాతో కాక దీక్షలోని స్కానర్‌తోనే చూడాలి. స్కాన్ కాకపోతే కారణాలు మామూలుగా మూడు: నున్నటి కాగితం మీద ట్యూబ్‌లైటు మెరుపు, పుస్తకం మడత దగ్గర వంకర, జెరాక్స్ కాపీలో అలుక్కుపోయిన చుక్కలు. పేజీని చదునుగా నొక్కిపట్టి, లైటు పక్కనుంచి పడేలా తిప్పండి. అయినా కాకపోతే క్యూఆర్ కింద ఆరు అక్షరాలు, అంకెల కోడ్ ఉంటుంది, దాన్ని యాప్‌లో చేత్తో కొట్టేయండి. వచ్చిన పాఠం పక్కన డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే నెట్ లేకపోయినా ఆడుతుంది. కొన్ని మాత్రం యూట్యూబ్ వీడియోలే లోపల కూర్చుని ఉంటాయి, అవి దిగవు.

కన్నడ: సగం వచ్చినట్టే, మిగతా సగమే చిక్కు

తెలుగు, కన్నడ లిపులు ఒకే వేరు నుంచి విడిపోయినవి. గ, జ, డ, ద, న, బ, ర, ల దాదాపు మనవే. తలకట్టు ఒక్కటే మన టిక్కు గుర్తులా కాకుండా, అడ్డంగా సాగి కొక్కెంలా వంగుతుంది. క, త మాత్రం కొత్తగా కనిపిస్తాయి. అందుకే తెలుగు చదవడం వచ్చిన పెద్దవాళ్లు రెండు వారాల్లో కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదవగలరు. తెలుగు లిపి రాని పిల్లలకు ఈ సాయం అందదు. కాబట్టి ముందు పెద్దవాళ్లు నేర్చుకోండి, పిల్లలకు వాళ్లే చెప్పొచ్చు.

మాటల్లో ఒక సూత్రం పట్టుకుంటే వందల పదాలు కలిసొస్తాయి. మన ప చాలాచోట్ల వాళ్ల హ. పాలు హాలు, పులి హులి, పాము హావు, పంది హంది, పువ్వు హూవు, పది హత్తు. మారతహళ్లి, బొమ్మనహళ్లిలో హళ్లి అంటే మన పల్లే. పాఠం, పుస్తకం, పత్రం లాంటి సంస్కృతం మాటలకు ఇది వర్తించదు, అక్కడ ప పదిలంగా ఉంటుంది. ఒకేలా వినిపించి వేరే అర్థమిచ్చే మాటలను మాత్రం విడిగా రాసుకోవాలి. కన్నడలో సాకు అంటే చాలు, మనకది తప్పించుకునే వంక. ఊట అంటే భోజనం, మనకు నేలలోంచి ఊరే నీరు. తిండి అంటే టిఫిన్.

వీటికి అంకీడ్రాయిడ్ అనే ఉచిత యాప్ బాగా కుదురుతుంది. ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు ఉండే చీటీలు అవి. తప్పిన చీటీ త్వరగా మళ్లీ వస్తుంది, వచ్చిన చీటీ రోజులు గడిచాక వస్తుంది. ఒక చీటీ ఇలా చేయండి. ముందు వైపు కన్నడ లిపిలో హాలు అని కొట్టండి. అందుకు జీబోర్డులో (గూగుల్ కీబోర్డు) కామా మీటను నొక్కిపట్టి, సెట్టింగ్స్, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్‌లో కన్నడ చేర్చుకోవాలి. వెనక వైపు పదం రాయకండి, వంటింట్లో పాల ప్యాకెట్టు ఫొటో తీసి పెట్టండి. దాని కింద రికార్డు బటన్ నొక్కి కన్నడ వచ్చిన వాళ్లెవరితోనైనా, పక్కింటి అజ్జితోనైనా సరే, ‘హాలు’ అనిపించండి. తెలుగు అర్థం రాస్తే పిల్లలు దాన్నే చదివి దాటేస్తారు. బొమ్మ, గొంతు అయితే మాట నేరుగా నాటుకుంటుంది.

ఇందులో జరిగే పెద్ద పొరపాటు, యాప్ ఇచ్చిన లెక్కను అలాగే వదిలేయడం. రోజుకు 20 కొత్త చీటీలని ముందే పెట్టి ఉంటుంది. నెల తిరిగేలోగా పాతవాటి తిరుగుడే రోజుకు వంద దాటుతుంది, దసరా సెలవులకు ఊరెళ్లి వస్తే వందల్లో పేరుకుని ఉంటాయి. పిల్లవాడు ఆ అంకె చూసి యాప్ మూసేస్తాడు, మళ్లీ తెరవడు. డెక్ (చీటీల కట్ట) పేరు మీద నొక్కిపట్టి, డెక్ ఆప్షన్స్‌లో కొత్త చీటీలు 5కు తగ్గించండి. నెలకు 150 మాటలు, తక్కువేం కాదు. నెలకోసారి డెక్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఫోన్లో దాచుకోండి. చెల్లికి అదే పనికొస్తుంది.

కథలకు స్టోరీవీవర్ ఉంది. మన బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టినది. ఒకే కథ తెలుగులోనూ కన్నడలోనూ చాలావాటికి దొరుకుతుంది. పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, అచ్చు వేయించుకోవచ్చు. తరగతిని కాక స్థాయిని చూసి ఎంచుకోండి. ఐదో తరగతి పిల్లైనా కన్నడలో ఒకటో స్థాయితోనే మొదలెట్టాలి. ముందు తెలుగు కథ చదివి వినిపించండి, మర్నాడు అదే కథ కన్నడలో. కథ ముందే తెలుసు కాబట్టి మాటలు ఊహకు అందుతాయి.

పలుకు సరిచూసుకోవడానికి జీబోర్డు మైకు ఉంది. కీబోర్డు కన్నడలో పెట్టి పిల్లతో ఒక్కో మాట పలికించండి. హణ్ణు అన్నప్పుడు ణ రాకుండా న పడితే నాలుక మడత చాల్లేదన్నమాట. అయితే పూర్తి వాక్యం చెబితే యాప్ చుట్టూ ఉన్న మాటలను బట్టి ఊహించి తానే దిద్దేస్తుంది. పరీక్షకు విడి మాటలే పనికొస్తాయి. దీనికి నెట్ కావాలి కాబట్టి మీ ఫోన్లోనే చేయండి.

తెలుగు రాయడం నేర్పేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డు పెట్టకండి. ‘అమ్మ’కు ఒత్తు ఎక్కడుందో చూడకుండానే పదం వచ్చేస్తుంది. జీబోర్డు తెలుగులోనే చేతిరాత అమరిక ఉంది, వేలితో తెర మీద రాయిస్తుంది. దీర్ఘం మరిస్తే వేరే పదం వచ్చి కూర్చుంటుంది. పిల్లలకు తమ తప్పు అక్కడే కనిపిస్తుంది.

ఇక కన్నడలో వచ్చే బడి సర్క్యులర్. గూగుల్ లెన్స్‌తో ఫొటో తీసి తెలుగులోకి మార్చితే భావం తెలుస్తుంది. తేదీలు, ఫీజు అంకెలు మాత్రం అసలు కాగితంలోనే చూసుకోండి. టీచరు గొలుసుకట్టు చేతిరాతను లెన్స్ చదవలేదు, దానికి పక్కింటివాళ్లే దిక్కు. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి అనువాదంలో అతికిస్తే ఒక్కోసారి అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు పడతాయి. అది మీ ఫోన్ తప్పు కాదు. తెలుగులో అనూ, కన్నడలో నుడి లాంటి పాత ఫాంట్లతో కట్టిన పీడీఎఫ్‌లలో కంటికి కనిపించేది మన అక్షరమే అయినా లోపల ఉండేది ఇంగ్లిషు కోడ్. ఫోన్ చదివి వినిపించే సదుపాయం కూడా వాటి దగ్గర తడబడేది అందుకే. స్క్రీన్‌షాట్ తీసి లెన్స్‌కు చూపించండి, అది కోడ్‌ను కాక బొమ్మను చదువుతుంది కనుక పని జరుగుతుంది.

హోంవర్క్ స్కాన్ చేసి పంపడం

నోట్సు ఫొటోలను బడికి పంపేటప్పుడు వచ్చే నల్లటి నీడ, మన చేతిదీ ఫోన్‌దీ. తలపై ట్యూబ్‌లైటు ఉంటే కింద పెట్టిన పుస్తకం మీద నీడ పడక తప్పదు. పగలు కిటికీ పక్కన, వెలుతురు ఎడమ నుంచి పడేలా పెట్టండి. రాత్రైతే పుస్తకాన్ని గోడవైపు జరిపి, లైటు మీ వీపు వెనక కాకుండా ఎదురుగా ఉండేలా కూర్చోండి. ఫ్లాష్ వద్దు, పెన్సిల్ రాత మెరిసి మాయమవుతుంది.

చేతులు వణికే పిల్లలకు స్టాండు ఇంట్లోనే చేయొచ్చు. ఒక అడుగు ఎత్తున పుస్తకాల దొంతరలు రెండు, జానెడు ఎడంగా పేర్చండి. వాటి మీద రెండు గట్టి స్కేళ్లు పట్టాల్లా వేసి, మధ్యలో కెమెరా కన్ను కిందికి ఖాళీగా ఉండేలా ఫోన్ పెట్టండి. ఆన్‌లైన్ క్లాసులో లెక్క చేసి చూపించడానికీ ఇదే పనికొస్తుంది.

గూగుల్ డ్రైవ్‌లో ప్లస్ గుర్తు నొక్కితే స్కాన్ ఉంటుంది. పేజీలన్నీ ఒకే పీడీఎఫ్‌గా వస్తాయి. రంగు అక్కర్లేని చోట నలుపు తెలుపు ఎంచుకుంటే ఫైలు చిన్నదవుతుంది. పంపేముందు ఒకసారి తెరిచి పేజీల వరుస చూడండి. తలకిందులుగా వెళ్లిన పేజీకి మార్కులు తగ్గితే పిల్లలు మనల్నే అంటారు, న్యాయమే కూడా.

కళ్లు, చెవులు, జేబు

కంటికీ తెరకూ మధ్య కనీసం మోచేతి నుంచి పిడికిలి దాకా దూరం ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడమనండి, ఎదుటి అపార్ట్‌మెంట్ బాల్కనీ సరిపోతుంది. చీకట్లో ఫోన్ వద్దు. ఇయర్‌ఫోన్స్ సౌండు 60 శాతం దాటనివ్వకండి. పిల్లలకు వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. పక్కనున్న మీకు పాట వినిపిస్తోందంటే సౌండు ఎక్కువైనట్టే.

‘ఫ్రీ డెమో’ ఫారాల్లో ఫోన్ నంబరు ఇవ్వకండి. ఆ తర్వాత వచ్చే కాల్స్‌లో మీ పిల్లవాడు వెనకబడ్డాడని చెప్పడమే వాళ్ల పని. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. మొదటి నెల ఒక్క రూపాయి అని ఆటోపే పెట్టించుకునే యాప్‌ల విషయంలో, మీ యూపీఐ యాప్‌లోని మ్యాండేట్ల (డబ్బు తానుగా కట్టేందుకు మీరిచ్చిన అనుమతులు) జాబితా నెలకోసారి చూసుకోండి. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయొచ్చు.

ఫోన్‌కు రాత్రి చోటు వంటింటి గట్టు మీద, ఛార్జర్ పక్కన. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక అంకీ డెక్‌లు, స్కాన్‌లు మీ ఫోన్లోకి తీసుకుని, పాత తరగతి పీడీఎఫ్‌లు చెరిపేసి, మే నెలలోనే కొత్త తరగతి తెలుగు పుస్తకాలు దించిపెట్టుకోండి. బళ్లు తెరిచాక అందరూ ఒక్కసారే దించుతుంటే సైటు నత్తనడక నడుస్తుంది.